లంక చివర జనుము పూలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఏ పనీ ముందుకు సాగేది కాదు. పెరటి గోడ కూలింది, కట్టిద్దామంటే మా అత్తయ్య "ఆయన రానీ" అనేది. ఒట్టిపోయిన గేదెని అమ్మేద్దామంటే "ఆయన రానీ". మా ఆడపడుచు హారతి బీఎస్సీ ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదవాలని దాని కోరిక. దానికీ అదే మాట. "మీ నాన్నగారిని అడక్కుండా నేనెలా పంపుతానే? ఆయన రానీ."

ఆయనంటే మా మామయ్యగారు, అచ్చిబాబు గారు. కిందటి భాద్రపదంలో ఒక పొద్దున్న గోదావరి దాటి లంక పొలానికి వెళ్ళి, మరి తిరిగి రాలేదు.

మా ఊరు రామచంద్రపురానికి దిగువన, గౌతమి ఏటిగట్టుకి ఆనుకుని ఉంటుంది. గట్టెక్కితే ఎదురుగా నది, నది మధ్యలో లంక. వరదకి మునిగి, వరద తీశాక కొత్త ఒండ్రుతో బయటపడే నేల. మామయ్యగారికి ఇంటి కంటే అదే ఎక్కువ. ఆ పొద్దున్న అత్తయ్యకి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని అడిగితే ఆయన, "లంకలో పని చూసుకుని మధ్యాహ్నానికి వచ్చేస్తాను, అప్పుడెళ్దాం" అన్నారు. అత్తయ్యకి కడుపు మండిపోయింది.

"ఆ లంకే మీ ఇల్లు. అక్కడే ఉండిపోండి. ఇంటికి రానక్కర్లేదు."

వంటింట్లో ఉన్న నాకు ఆ మాట వినిపించింది. ఆయన కాఫీ తాగలేదు. భుజాన సంచీ వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజే పైన ఎక్కడో కురిసిన వానలకి రెండో వరద దిగింది. సాయంత్రం ఆయన్ని తీసుకురావడానికి పడవ వేసుకెళ్ళిన చిట్టియ్యకి లంక రేవులో ఆయన కనపడలేదు. రేవే లేదు, నీళ్ళు తప్ప. మా వారు సురేష్‌బాబు, ఊళ్ళో మగవాళ్ళు కలిసి యానాం దాకా ఏటి రెండు ఒడ్డులూ వెతికారు. ఏ వార్తా లేదు. అందరం ఆశ వదులుకునే సమయానికి మా వారికి బాబాయి వరసయ్యే వెంకన్న ఫోను చేశాడు. అతను జంగారెడ్డిగూడెం వైపు పామాయిలు గెలల లారీ నడుపుతాడు.

"మీ నాన్నని బస్టాండులో చూశానురా. పిలిచేలోపు బస్సెక్కేశాడు. అదే పంచె, అదే నడక."

మా వారు ఆ ఊరు ఎన్నిసార్లు వెళ్ళారో. సెల్‌ఫోనులో ఫొటో చూపిస్తూ పామాయిలు తోటలూ, జీడిమామిడి తోటలూ తిరిగారు. చూశామన్నవాళ్ళు లేరు. కానీ అత్తయ్యకి ఆ ఒక్క ఫోనే చాలు. ఆయన బతికే ఉన్నారు. తన మీద కోపంతో వెళ్ళిపోయారు. కోపం తగ్గిన రోజు వస్తారు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మామయ్యగారు ఇంట్లో మర్చిపోయి వెళ్ళిన ఫోనుని ఛార్జింగు పెట్టి, నెలనెలా రీఛార్జి చేయించి పక్కనే పెట్టుకునేది. ఆయనకి నోటికొచ్చిన నెంబరు అదొక్కటే. లోను కావాలా, ప్లాటు కావాలా అని ఎవరెవరో చేస్తుంటారు కదా. ఆ ఫోను మోగినప్పుడల్లా అత్తయ్య చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తేది. "ఏవండీ" అనేది, అవతల ఎవరో తెలియకుండానే.

లంక పేరు ఎత్తడానికి వీల్లేదు. అటు ఎవరూ వెళ్ళకూడదు. మా వారు ఆ ఏడు లంకలో ఏమీ వెయ్యలేదు.

---

వైశాఖంలో కాలవలకి నీళ్ళు కట్టేశారు. అడుగున బురద నెర్రెలిచ్చి, అక్కడక్కడ గుర్రపుడెక్క ఎండి కంపు కొడుతోంది. హారతి ఇంట్లో ఉండలేకపోయేది. కాలేజీలో వాళ్ళ మేడం, సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు కనిపించిన సీతాకోకచిలుకల్నీ, అడవిపూలనీ ఫొటోలు తీసి పంపమందట. పొద్దున్నే ఏటిగట్టు మీదికి బయలుదేరేది.

"ఒక్కదానివీ వద్దు. వదినని తీసుకెళ్ళు" అంది అత్తయ్య. "గట్టు దిగకండి."

అలా నాకూ ఆ నడక అలవాటైంది. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ చూస్తున్న గట్టే. కానీ హారతి పక్కన నడిస్తే వేరేగా కనిపించేది. జిల్లేడు పూల దగ్గర ఆగి, ఆకు వెనక్కి తిప్పి, నలుపూ పసుపూ చారల పురుగుని చూపించేది. "ఇది ప్లెయిన్ టైగర్ అవుతుంది వదినా. పది పదిహేను రోజులాగితే రెక్కలొస్తాయి." గట్టు వాలులో వెంపలి ఊదారంగు పూలు, నేలని అంటుకుని పల్లేరు పసుపు, ఎండకి తల వాల్చని గడ్డిచామంతులు. తేలుకొండి మొక్క పూలగుత్తి నిజంగానే తేలు కొండిలా ముడుచుకుని ఉంటుందని అప్పుడే చూశాను. పసుపువీ తెల్లవీ చిన్న సీతాకోకచిలుకలు వాటి మీద వాలి లేస్తుండేవి.

నల్లటి రెక్కల మీద నీలం మచ్చలున్నవి మాత్రం ఎక్కడా వాలేవి కావు.

ముందు గమనించింది హారతే. "బ్లూ టైగర్లు. చూడు వదినా, ఒక్కటీ ఆగట్లేదు." మా వెనక కొబ్బరితోటల్లోంచి ఒకటొకటిగా వస్తున్నాయి. మా భుజాల మీదుగా గట్టు దాటి, నీటి మీదుగా లంకవైపు పోతున్నాయి. తిరిగి వచ్చేది ఒక్కటీ లేదు. గాలి లేదు. నది అద్దంలా నిలబడి ఉంది. అవి మాత్రం ఎవరో దారం పట్టి లాగుతున్నట్టు ఒకే వరసన పోతున్నాయి.

హారతి ఫోనులో జూమ్ చేసి చూసింది. లంక చివర, తుమ్మ తుప్పలకి అవతల, రెల్లు మీద పొగలాంటిది లేచింది. కాసేపు తిరిగి మళ్ళీ కిందికి దిగిపోయింది.

"ఎవరో చెత్త తగలేస్తున్నారేమో" అన్నాను.

"పొగ కిందికి దిగదు కదా వదినా."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. హారతికి తిండి మీద ధ్యాస పోయింది. "మగవాటికి కొన్ని ఎండిపోయిన మొక్కల రసం కావాలి వదినా. ఆ వాసన ఉంటేనే ఆడవి దగ్గరికి వస్తాయి. అక్కడేదో ఎండుతోంది. చాలా ఉంది. లేకపోతే ఇన్ని పోవు."

రేవులో చిట్టియ్య పడవకి తారు పూస్తున్నాడు. చేపలు పట్టుకునే కుటుంబం వాళ్ళది, మామయ్యగారిని ఎన్నో ఏళ్ళు దాటించినవాడు. లంక చివర ఏముందని అడిగాను. చేతిలో కుంచె ఆగింది.

"ఆ చివరకి ఎవరూ పోవట్లేదండి. పశువులు కూడా పోవట్లేదు. తోలినా పోవండి. తుమ్మల దగ్గర ఆగిపోయి, మెడలెత్తి నిలబడి చూత్తాయి."

"ఏం చూస్తాయి?"

"నాకేం తెలుసండి. ఆటెనకాల నిలబడి చూసే ధైర్యం నాకు లేదు." గొంతు తగ్గించాడు. "చప్పుడండి. గాలి లేనప్పుడు కూడా గలగలమంటాది. గజ్జెలు కట్టుకుని ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నట్టు. సంక్రాంతి ఎల్లినకాణ్ణించీ ఇంటున్నాం. మా వోళ్ళు ఆ పక్క వలెయ్యటం మానేశారండి."

నేను హారతి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. మరి గట్టుకే వద్దన్నాను. అది సరేనంది. నాలుగు రోజులు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అయిదో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు నా చేతికిచ్చి మెల్లగా అడిగింది.

"నాన్న ఉంటే తీసుకెళ్ళేవాడు కదా వదినా?"



---

అత్తయ్యకి రామచంద్రపురం వెళ్తున్నామని చెప్పాం. చిట్టియ్య ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. చివరికి, "ఇవతల రేవులో దింపుతానండి. అక్కణ్ణించి మీ ఇట్టం. నేను పడవ దిగను" అన్నాడు.

లంక మీద ఇసక అప్పటికే కాలుతోంది. మా పొలం బీడు పడి, తుంగా గడ్డీ మొలిచింది. మామయ్యగారు వేసుకున్న పాక వరదకి కొట్టుకుపోయి, రెండు గుంజలు మిగిలాయి. అది దాటాక పశువుల అడుగులు. తుమ్మల దాకా ఉన్నాయి, అక్కడ ఆగిపోయాయి. కొత్త పేడా పాత పేడా అక్కడే. ఆ పైన ఒక్క గిట్ట గుర్తు లేదు.

పక్షి కూత కూడా వినపడటం లేదు. ఇంత పొద్దెక్కాక లంకలో కొంగలో, చిలకలో, ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుంది. హారతి ముందు నడుస్తోంది. నేను దాని చున్నీ కొస పట్టుకున్నాను, చిన్నపిల్లలా.

అప్పుడు వినిపించింది. గలగల. ఆగింది. మళ్ళీ గలగల, ఈసారి ఇంకాస్త కుడిపక్కన. నా మెడ మీద చెమట చల్లబడింది. ఎదురుగా రెల్లు ఒక్క పోచ కదలడం లేదు.

"హారతీ, వెనక్కి పోదాం."

"కాయలు వదినా." దాని గొంతూ సన్నగానే ఉంది. "ఎండిన కాయల్లో గింజలు."

రెల్లు పక్కకి తోసుకుని దిబ్బెక్కింది. వెనకే నేను. లంకలో ఎత్తైన చోటు అదొక్కటే. అక్కడ నడుమెత్తున ఎండు మొక్కలు, ఒక్కొక్క రెమ్మకీ చిన్న చిన్న కాయల గుత్తులు. కొమ్మల నిండా నల్లటి ఎండుటాకులు వేలాడుతున్నాయి. ఇన్ని ఆకులు రాలకుండా ఎలా ఉన్నాయనుకున్నాను. హారతి ఒక అడుగు వేసింది.

ఆకులన్నీ లేచాయి.

వేలు, ఎన్ని వేలో, నల్లటి రెక్కలూ నీలం మచ్చలూ, చప్పుడు లేకుండా మా చుట్టూ తిరిగాయి. అవి వదిలిన కొమ్మలు ఒక్కసారి తేలికై పైకి లేచి గలగలమన్నాయి. చిట్టియ్య వాళ్ళు విన్నది అదే. గాలి లేకపోయినా అవి లేచినప్పుడూ వాలినప్పుడూ ఆ కాయలు మోగుతున్నాయి. నాకు ఊపిరి ఆడింది. కాసేపటికి అవి మళ్ళీ దిగాయి. కొమ్మల మీద, రెల్లు మీద, మా మీద. నా చేతుల మీది చెమట తాగడానికి వాలాయి. సన్నటి నాలుకలు చర్మం మీద వెతుక్కుంటున్నాయి. హారతి జుట్టు నిండా, భుజాల నిండా అవే. అది నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత ఆ పిల్ల నవ్వు విన్నాను.

"జనుం వదినా ఇది. ఎండిన జనుమంటే వీటికి పిచ్చి."

జనుం మాకు కొత్తదేం కాదు. పశువుల మేతకనీ, నేలకి సత్తువనీ లంకలో ఏటా చల్లేదే. ఎండు మొక్కల మధ్య, చైత్రంలో పడ్డ వానకి కాబోలు, రాలిన గింజలు మళ్ళీ మొలిచి పచ్చగా ఉన్నాయి. పసుపు పూలు కూడా వేశాయి. ఇంత మేత ఉంటే పశువులు ఎందుకు ముట్టలేదో నాకు అర్థం కాలేదు.

హారతి నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ జనుం ఎవరు చల్లారు?"

చల్లినట్టు లేదు. చల్లితే మొక్కలు ఎడంగా వస్తాయి. ఇవి నడిమధ్యన ఒకదాన్నొకటి తోసుకుంటూ గుబురుగా ఉండి, బయటికి వచ్చేకొద్దీ పల్చబడ్డాయి. ఒక్క చోట ఒలికిపోయి, అక్కణ్ణించి పాకినట్టు.

నేను ఆ గుబురు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. మొదట తెల్లగా కనిపించినవి గవ్వలనుకున్నాను. వరదకి కొట్టుకొచ్చే నత్తగుల్లలనుకున్నాను. వాటి పక్కన ఎరువుల సంచీ ఒకటి, చినిగిన చోటల్లా మొక్కలు పొడుచుకొచ్చి ఉంది. సంచీకి ఇవతల ఒక స్టీలు బాక్సు. మూత మీద మట్టి తుడిస్తే చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా ఉండే పేరే.

ఆ పొద్దున్న ఆయన భుజాన ఉన్నది జనుం గింజల సంచీ. నేను గుమ్మంలోంచి చూశాను. వరద తీసిన నేలలో చల్లడానికి తీసుకెళ్ళారు. రెండో వరద ముంచుకొచ్చినప్పుడు ఎక్కడానికి ఈ దిబ్బ తప్ప వేరే చోటు లేదు. వరదప్పుడు పాములూ అక్కడికే చేరతాయి. పామో, గుండో, తర్వాత పోలీసులూ డాక్టర్లూ కూడా తేల్చలేకపోయారు. వెతకడానికి వచ్చినవాళ్ళు దిబ్బ చుట్టూ నిలిచిన మడుగు దాటలేక, మనిషెత్తు రెల్లులోకి కేకలేసి, జవాబు రాక వెళ్ళిపోయారు. మడుగు ఎండేసరికి వెంకన్న ఫోను వచ్చింది. మరి ఎవరూ ఇటు రాలేదు.

ఇదంతా అప్పుడు తోచలేదు. అప్పుడు నేను ఆ బాక్సు పట్టుకుని నిలబడ్డాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే మూత తీశాను. ఖాళీగా, శుభ్రంగా ఉంది.

హారతి ఏడవలేదు. జుట్టులో ఉన్నవాటిని ఒక్కొక్కటే రెక్క నలగకుండా తీసి వదిలింది. తర్వాత నేల మీద కూర్చుంది.

"అన్నయ్యకి ఫోన్ చెయ్యి వదినా."

నా ఫోనులో సిగ్నల్ లేదు. "ఇసకలోకి వెళ్ళాలి. నువ్వూ రా."

"నేనుంటాను. నాన్నని మళ్ళీ ఒక్కణ్ణే ఎలా వదిలేస్తాం?"

నేను పరిగెత్తాను. మా పాక గుంజల దగ్గర సిగ్నల్ వచ్చింది. మా వారికి చెప్పాను. "వస్తున్నా" అని మాత్రం అన్నారు. తిరిగి దిబ్బ దగ్గరికి వస్తుంటే రెల్లు వెనక హారతి గొంతు వినిపించింది. మామూలుగా మాట్లాడుతోంది. ఒక మాట అని ఆగుతోంది. ఎవరో చెప్పేది విన్నట్టు ఆగి, మళ్ళీ ఒక మాట. నేను దగ్గరికి రాగానే మానేసింది.

మగవాళ్ళు వచ్చాక మమ్మల్ని పంపేశారు. చిట్టియ్య ముఖం కండువాలో దాచుకుని ఏడుస్తూ పడవ నడిపాడు. గట్టెక్కాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎవరితో మాట్లాడావు హారతీ?"

"ఎవరితోనూ కాదు వదినా. ఎవరో అడిగినట్టుంటే జవాబు చెప్పాను."

"ఏమని అడిగారు?"

అది గట్టు వాలులో పూలకేసి చూస్తూ నడిచింది. ఒక్క ఫొటో తీయలేదు.

"అమ్మకి జ్వరం తగ్గిందా అని."

---

అత్తయ్య అరుగు మీద కూర్చుని మినుములు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టింది. రామచంద్రపురం నుంచి ఇంత తొందరగా ఎలా వచ్చారని అడగలేదు. మా కాళ్ళకంటిన తెల్ల ఇసక చూసింది.

"ఎక్కడ?" అంది.

నేను పక్కన కూర్చుని చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా చెప్పాల్సింది అంతే కదా.

"లంక చివరి దిబ్బ మీదత్తయ్యా."

"అయితే లంక దాటి ఎక్కడికీ పోలేదు."

"లేదత్తయ్యా. ఆ రోజే."

ఇంట్లో ఆ ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ అటు తిరగలేదు. చాలాసేపు రెండు అరిచేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"దుర్గా."

"ఆఁ అత్తయ్యా."

"ఆ పొద్దున్న జ్వరంలోనే లేచి పెరుగన్నం కలిపాను. నిమ్మకాయ బద్ద వేసి బాక్సులో పెట్టాను. తిట్టాక పెట్టానా, పెట్టాక తిట్టానా గుర్తు లేదు. తీసుకెళ్ళారు మరి. తిన్నారా?"

"బాక్సు కడిగి మూత పెట్టి ఉందత్తయ్యా."

"కడిగి ఉందా?"

"ఒక్క మెతుకు లేదు. నేనే తీసి చూశాను."

అత్తయ్య తల ఊపింది. "కోపమొస్తే నా చేతి అన్నం ముట్టేవారు కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి రెండు రోజులు ముట్టలేదు." హారతి వచ్చి ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టింది. ఆవిడ దాని జుట్టులో వేళ్ళు పెట్టి, అక్కడ అంటుకుని ఉన్న నల్లటి రెక్క ముక్కొకటి తీసింది. వెలుగులో పట్టుకుని చూసింది. "తిన్నారు" అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

తర్వాత లేచింది. "స్నానాలు చెయ్యండి. నీళ్ళు తోడతాను" అని నూతి దగ్గరికి వెళ్ళింది. చేంతాడు గిలక మీద కిర్రుమనే చప్పుడు వినిపించింది. అది చాలాసేపు ఆగలేదు. గాబు నిండి పొర్లి వాకిట్లోకి నీళ్ళు పారినా ఆగలేదు. నేను వెళ్ళి చేతిలో చేద తీసుకున్నాక గానీ ఆవిడ ఏడవలేదు.

---

కర్మకాండలు కోటిపల్లి రేవులో జరిగాయి. చుట్టాలొచ్చారు, వెళ్ళారు. వెంకన్న వచ్చి అత్తయ్య కాళ్ళ మీద పడ్డాడు. "ఆయనే అనుకున్నాను వదినా" అన్నాడు. "నువ్వేం చేస్తావు వెంకన్నా, నేనూ అనుకున్నాను" అంది ఆవిడ. ఒకరోజు భోజనాల దగ్గర మజ్జిగ పోస్తూ, ఎవరి ముఖం చూడకుండా, "హారతీ, ఆ ఎమ్మెస్సీకి ఆఖరు తేదీ ఎప్పుడే?" అంది. మా వారు అన్నం కలుపుతున్నవారు ఆగిపోయారు. హారతి చెప్పింది. "మరి చూసుకో. తేదీ దాటిపోనిచ్చేవు" అంది అత్తయ్య. అంతే.

ఊరు మాత్రం ఆ దిబ్బ మాట వదల్లేదు. ఆ జనుం కోసి తగలెయ్యమని కొందరు, పంతులుగారిని పిలిపించి ఏదో చేయించమని కొందరు. దొరికిన మనిషిని ఇంటికి తెచ్చేశాక కూడా చప్పుడు ఆగలేదని చిట్టియ్య కొడుకు చెప్పాడట. ఇదివరకు అటూ ఇటూ తిరిగే చప్పుడు ఇప్పుడు రేవు దాకా వచ్చి వెనక్కి పోతోందట. ఇసకలో జనుం మొక్క లేదు, కాయ లేదు. మా వారు ఇదంతా కొట్టిపారేశారు. కానీ కొడవలి తీసుకుని లంకకి వెళ్ళమంటే ఆ వారమంతా ఆయనకి తీరిక దొరకలేదు.

"నేను చూడాలి" అంది అత్తయ్య.

ఏడాది తిరక్కుండా గుమ్మం దాటకూడదని పెద్దవాళ్ళు అడ్డుపడ్డారు. ఆవిడ వినలేదు. రోహిణి కార్తె ఎండ ముదరకముందే బయలుదేరాం, అత్తయ్య, హారతి, నేను. చిట్టియ్య ఈసారి మారు మాట్లాడకుండా దాటించాడు. పడవ మాత్రం దిగలేదు.

తుమ్మల దగ్గర గేదెలు నాలుగైదు నిలబడి ఉన్నాయి. మెడలెత్తి చూస్తున్నాయి. అత్తయ్య వాటి మధ్యనుంచి నడిచి వెళ్ళింది. దిబ్బ మీద పోలీసులు తవ్విన చోట మట్టి ఇంకా వదులుగా ఉంది. చుట్టూ కొత్త జనుం విరగబూసింది. ఎండు కొమ్మల మీద బ్లూ టైగర్లు అలాగే ఉన్నాయి. మేము ఇద్దరం దిబ్బ కింద ఆగిపోయాం. ఆవిడ ఒక్కతే ఎక్కి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద కూర్చుంది.

మేము వెళ్ళినప్పుడు గుంపంతా లేచింది కదా. ఆవిడ వెళ్ళి కూర్చుంటే ఒక్కటీ లేవలేదు. రెక్కలు మూసి తెరుస్తూ కొమ్మల మీదే ఉన్నాయి. కొన్ని దిగి ఆవిడ బోసి మెడ మీద, గాజుల్లేని చేతుల మీద వాలాయి. ఆవిడ తోలలేదు. ఏడుస్తోందేమోనని వంగి చూశాను. లేదు. ఎవరికో భోజనం వడ్డించి, తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చున్న మనిషిలా ఉంది.

ఎండ చురుక్కుమన్నాక లేచింది. చీర దులుపుకుంది.

"పొద్దెక్కుతోంది. పదండి, ఇంటికి పోదాం."

మాతోనే అనుకున్నాను. ముందు హారతి, తర్వాత నేను, వెనక ఆవిడ. తుమ్మలు దాటాం. గేదెలు తలలు తిప్పాయి. మమ్మల్ని కాదు, మా వెనక్కి, ఆవిడకి ఇంకా వెనక్కి చూస్తున్నాయి. మేము సాగుతుంటే వాటి తలలూ నెమ్మదిగా రేవువైపు తిరిగాయి. ఇసకలోకి వచ్చాక గలగల వినిపించింది. కాయల చప్పుడే. ఇసకలో కాయలు లేవు. హారతి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం వెనక్కి తిరగలేదు. అత్తయ్య అడుగుల వేగం మారలేదు. మధ్యలో ఒకసారి మాత్రం ఆగింది, వెనకబడ్డ మనిషి అందుకోవడానికి ఆగినట్టు.

రేవులో హారతి పడవెక్కింది. నేనెక్కాను. అత్తయ్య ఎక్కి చెక్క మీద ఒక పక్కకి జరిగి కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక పడవ కదలకుండా నిలబడింది. ఆ తర్వాత మళ్ళీ ఒరిగింది. చిట్టియ్య గెడ చేత్తో పట్టుకుని, పడవ పక్కన పైకొచ్చిన నీటి గీత కేసి చూశాడు. ఒడ్డు కేసి చూశాడు. మా ముగ్గురి ముఖాలూ చూశాడు.

"అందరూ ఎక్కారాండి?" అన్నాడు.

"ఎక్కారు. పోనీయ్" అంది అత్తయ్య.

చిట్టియ్య గెడ వేశాడు.